రోదసికి వెళ్లడమంటే ఎత్తుకు ఎక్కడమా, వేగం అందుకోవడమా? – ఎనిమిదో తరగతి పిల్లలు అడిగిన ప్రశ్నలు

గుంటూరు_సైన్సు_టీచరు · ఏప్రిల్ 4, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ భూమి చుట్టూ తిరిగి వచ్చాడు కాబట్టి, ఏటా ఆ తేదీకి దగ్గరలో ఒక పూట పాఠ్యపుస్తకం పక్కన పెట్టి పిల్లలతో రోదసి గురించి మాట్లాడుతుంటాను. ఇప్పుడు ఒంటిపూట బడులు నడుస్తున్నాయి, పరీక్షలు కూడా దగ్గరపడ్డాయి కాబట్టి నాకు దొరికేది ఒకే ఒక్క పీరియడు. నిన్న ఆ మాట ఎత్తగానే ఎనిమిదో తరగతి పిల్లలు రెండు ప్రశ్నలు వేశారు.

మొదటిది ఒక అబ్బాయి అడిగాడు. మన గుంటూరు ప్రాంతపు కుటుంబంలో పుట్టిన బండ్ల శిరీష 2021 జులై 11న రోదసికి వెళ్లి, నాలుగు నిమిషాల సేపు తేలి, అదే పూట నేల మీదికి వచ్చేసింది. రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న వెళ్లి దాదాపు ఎనిమిది రోజులు ఉన్నారు. ఇద్దరూ రోదసికే వెళ్లారంటున్నాం కదా, మరి ఒకరు నాలుగు నిమిషాలకే ఎందుకు దిగాల్సి వచ్చింది, ఇంకొకరు అన్ని రోజులు కింద పడకుండా ఎలా ఉన్నారు అన్నది వాడి సందేహం. రెండోది ఒక అమ్మాయి అడిగింది. రోదసిలో గురుత్వాకర్షణ ఉండదని అందరూ అంటారు, అలాంటప్పుడు చంద్రుణ్ణి భూమి చుట్టూ పట్టి తిప్పుతున్నది ఏమిటి అని.

నాకు తెలిసినంతలో జవాబు చెప్పాను గాని, చెబుతున్నప్పుడే అది వాళ్ల మనసుకు ఎక్కడం లేదని తెలిసిపోయింది. ఈ రెండు ప్రశ్నలనూ ఆధారం చేసుకుని చరిత్రను, విజ్ఞానాన్ని కలిపి ఎలా చెబితే బాగుంటుందో పెద్దలు సూచించగలరు.

---

బెజవాడ_ఆకాశదర్శి · ఏప్రిల్ 4, రాత్రి 10:25

టీచరు గారూ, ఆ అమ్మాయి ప్రశ్నతోనే మొదలుపెట్టండి. అది విడిపోతే అబ్బాయి ప్రశ్న సగం విడిపోయినట్టే.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతోంది. విజయవాడ నుంచి చెన్నైకి రైలు దూరం అంతకన్నా కొంచెం ఎక్కువే. అంత ఎత్తున ఒక స్తంభం కట్టి, దాని కొన మీద తూకం పెట్టి, 60 కిలోల మనిషిని నిలబెడితే ముల్లు 53 కిలోలు చూపిస్తుంది. అంటే గురుత్వాకర్షణ పదింట తొమ్మిది వంతులు అక్కడ కూడా ఉన్నట్టే. స్తంభం మీద నిలబడినవాడు తేలడు, అక్కడి నుంచి అడుగు బయటికి వేస్తే నేరుగా కింద పడతాడు.

మరి వ్యోమగాములు ఎందుకు తేలుతున్నారంటే, వాళ్లు నిజానికి పడుతూనే ఉన్నారు. వాళ్లతో పాటు గది, గోడ, పెన్ను, నీటిబొట్టు అన్నీ ఒకే తీరున పడుతున్నాయి కాబట్టి ఒకదాన్ని ఇంకొకటి అదమడం లేదు. బరువు తెలియడమంటే మన పాదాన్ని నేల పైకి నెట్టడమే, ఆ నెట్టుడు లేనప్పుడు బరువు కూడా తెలియదు. అలా పడుతున్నవాళ్లు నేలను ఎందుకు తాకడం లేదన్నదే అసలు సంగతి. ఏ వస్తువైనా మొదటి సెకనులో దాదాపు 5 మీటర్లు పడుతుంది. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల, ఒక చోట నుంచి అడ్డంగా గీత గీస్తే 8 కిలోమీటర్ల దూరం వెళ్లేసరికి నేల ఆ గీతకు 5 మీటర్లు కిందికి జారుతుంది. కాబట్టి సెకనుకు 8 కిలోమీటర్ల చొప్పున అడ్డంగా పోతున్న వస్తువు ఎంత పడుతుందో, నేల కూడా దాని కింద అంతే తప్పుకుంటుంది. చంద్రుడూ అలాగే పడుతున్నాడు. ఎత్తైన కొండ మీది ఫిరంగిని ఊహించి న్యూటన్ చెప్పింది ఇదే.

పిల్లలకు ఆ వేగం తెలియాలంటే మన ఊళ్ల లెక్కే వాడండి. విజయవాడ నుంచి గుంటూరు వరకు ఉన్న దూరాన్ని ఆ కేంద్రం 5 సెకన్ల లోపే దాటుతుంది. భూమి చుట్టూ ఒక ప్రదక్షిణకు 92 నిమిషాలు. నేను చాలాసార్లు చీకటి పడుతున్న వేళ ప్రకాశం బ్యారేజి మీద నిలబడి దాన్ని చూశాను. పడమటి వైపు నుంచి ఒక తెల్లని చుక్క లేస్తుంది. విమానం దీపంలా మిణుకుమనదు, చప్పుడు చేయదు, నది మీదుగా నాలుగైదు నిమిషాలు సాగి, ఆకాశంలో సగం దూరంలోనే ఒక్కసారిగా ఎర్రబారి ఆరిపోతుంది. భూమి నీడలోకి వెళ్లిపోయిందన్నమాట. ఆ చుక్కలో మనుషులు ఉన్నారని పక్కన నిలబడినవారికి చెబితే, చేతిలోని సైకిలు స్టాండు వేసి మరీ చూస్తారు.

---

పటమట_విద్యార్థి · ఏప్రిల్ 5, ఉదయం 7:02

ఆకాశదర్శి గారి వివరణ చాలా బాగుంది. నేను విజయవాడలో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒక్క అభ్యంతరం చెప్పాలనిపించింది. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య 100 కిలోమీటర్ల ఎత్తును రోదసికి సరిహద్దుగా తీసుకుంటుంది, దానినే కర్మన్ రేఖ అంటారు. శిరీష గారు ప్రయాణించిన యూనిటీ వ్యోమనౌక సుమారు 86 కిలోమీటర్ల వరకే వెళ్లింది. ఆ లెక్కన ఆమె రోదసికి వెళ్లారని పిల్లలకు చెప్పడం శాస్త్రీయంగా సరైనదేనా? మన ప్రాంతపు ఆడపడుచు అన్న అభిమానం నాకూ ఉంది, కాని పాఠంలో నిక్కచ్చిగా ఉండాలి కదా.

---

తెనాలి_పెద్దాయన · ఏప్రిల్ 5, ఉదయం 11:40

బాబూ, నువ్వు అడిగింది సబబైన ప్రశ్నే. అయితే ఆకాశంలో గట్టు వేసి ఉండదు. అమెరికా వారు 50 మైళ్లు, అంటే సుమారు 80 కిలోమీటర్లు దాటిన వారిని వ్యోమగాములంటారు, మిగిలిన చాలామంది 100 అంటారు. ఆ ఎత్తుల్లో గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం రెక్కల మీద ఆధారపడి నిలవాలంటే దాదాపు కక్ష్యలో తిరిగేంత వేగంతో పోవాలి. అలాంటప్పుడు రెక్కలకు పని ఉండదు. సరిహద్దును అక్కడ పెట్టడానికి అదీ కారణం. అది మనం ఒప్పుకున్న గీత, అంతే గాని దాని పైన గాలి లేదని కాదు.

గాలి ఉందని నాకు పన్నెండో ఏట తెలిసింది. 1979 వేసవి చివర్లో తెనాలి దగ్గర మా ఊరిలో ఎవరి నోట విన్నా స్కైలాబ్ మాటే. అది అమెరికావారు 1973 మే నెలలో పంపిన అంతరిక్ష కేంద్రం, బరువు 70 టన్నుల పైమాటే. మూడు జట్లు దానిలో ఉండి వచ్చాక 1974 ఫిబ్రవరిలో ఖాళీ చేశారు. సుమారు 435 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నది కాబట్టి ఇంకా చాలా ఏళ్లు తిరుగుతుందనుకున్నారు. ఈలోగా సూర్యుడిలో అలజడి అనుకున్నదానికన్నా ఎక్కువై, పై పొరల గాలి వేడెక్కి ఉబ్బింది. ఆ పలచటి గాలే రోజుకు కాస్త చొప్పున దాని వేగాన్ని తినేసి కిందికి దించింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. రేడియోలో వార్త రాగానే మా నాయనమ్మ వసారాలో పడకలన్నీ ఎత్తించి ఇంటిల్లిపాదినీ నట్టింట్లో పడుకోబెట్టింది. మా పొరుగువారు ఇక బతికుంటామో లేదోనని పెంచుకున్న కోళ్లన్నీ కోసుకుని వండుకున్నారు. నాకు మాత్రం ఇంటి పైకప్పు తాటాకుదైనప్పుడు నట్టింట్లో పడుకుంటే ఏమి రక్షణ అన్న అనుమానం తీరలేదు. జులై 11న అది హిందూ మహాసముద్రంలోను, ఆస్ట్రేలియా పడమటి భాగంలోను ముక్కలై పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు.

ఇప్పటి అంతరిక్ష కేంద్రం కూడా ఆ గాలికి లొంగి రోజూ కొంత దిగుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు రాకెట్ ఇంజన్లు వెలిగించి దాన్ని పైకి నెట్టకపోతే దాని గతీ అదే. కాబట్టి 400 కిలోమీటర్ల దగ్గరే గాలి అయిపోలేదంటే 86కూ 100కూ మధ్య గీత కోసం పిల్లలను తికమక పెట్టడం నాకు సమంజసంగా తోచదు.

---

ఎముకల_వైద్యురాలు · ఏప్రిల్ 5, మధ్యాహ్నం 2:15

సరిహద్దు మాట వచ్చింది కాబట్టి మనిషి దేహం వైపు నుంచి ఒక మాట చేరుస్తాను. సుమారు 19 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి గాలి ఒత్తిడి ఎంత పడిపోతుందంటే, మన ఒంటి వేడిమి అయిన 37 డిగ్రీల దగ్గరే నీరు మరుగుతుంది. నాలుక మీది తడి, కంటి మీది తేమ ఆవిరై లేచిపోతాయి. ఒత్తిడితో కూడిన దుస్తులు గాని, మూసిన గది గాని లేకపోతే మనిషికి అక్కడే రోదసి మొదలైనట్టు. కిందనున్న ఆ ఎత్తును మనం లెక్కలోకి తీసుకోవడమే లేదు.

అలా ఒత్తిడి నింపుకున్న దుస్తులే ఒకసారి ప్రాణం మీదికి తెచ్చాయి. 1965 మార్చి 18న అలెక్సీ లియోనోవ్ మొదటిసారిగా నౌక బయటికి వచ్చి 12 నిమిషాలు శూన్యంలో ఉన్నాడు. బయట ఒత్తిడి లేకపోవడంతో అతని దుస్తులు బెలూనులా ఉబ్బి, చేతి వేళ్లు తొడుగుల్లోంచి వెనక్కి జారిపోయాయి. తిరిగి లోపలికి దూరడం కుదరలేదు. ప్రమాదమని తెలిసి కూడా తనంతట తానే దుస్తుల్లోని గాలిని కొద్దికొద్దిగా వదిలి, ఒళ్లు కుదించుకుని లోపలికి చేరాడు.

---

బాయిలర్_ఇంజనీరు · ఏప్రిల్ 5, రాత్రి 8:50

నేను ముప్పయ్యేళ్లు థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ల దగ్గర పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. నాకు ప్రతిదీ ఎంత వేడి పుట్టింది, ఎటు పోయింది అన్న లెక్కలోనే అర్థమవుతుంది కాబట్టి ఆ అబ్బాయి ప్రశ్నకు ఆ దారిలోనే జవాబు ప్రయత్నిస్తాను.

ఒక కిలో బరువును 86 కిలోమీటర్ల ఎత్తుకు నేరుగా ఎత్తడానికి సుమారు 0.8 మెగాజౌళ్ల శక్తి చాలు. అదే కిలో బరువును 400 కిలోమీటర్లకు ఎత్తడానికి సుమారు 3.7 మెగాజౌళ్లు కావాలి. ఇంతవరకు పెద్ద తేడా లేదు. కాని అక్కడ నిలవాలంటే సెకనుకు 7.7 కిలోమీటర్ల అడ్డ వేగం అందుకోవాలి కదా, ఆ వేగానికే కిలోకు సుమారు 30 మెగాజౌళ్లు ఖర్చవుతాయి. అంటే రాకేశ్ శర్మను మోసుకెళ్లిన రాకెట్ తన కష్టంలో పదింట ఒక వంతు మాత్రమే ఎత్తుకు పెట్టి, మిగిలిందంతా వేగానికి పెట్టిందన్నమాట. శిరీష గారి ప్రయాణానికి, ఆయన ప్రయాణానికి కిలో ఒక్కింటికి శక్తిలో తేడా దాదాపు నలభై రెట్లు. యూనిటీని ముందుగా ఒక పెద్ద విమానం సుమారు 14 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్లి వదిలింది, ఆ తరువాత దాని రాకెట్ ఒక నిమిషం పాటు మండింది. అది పైకి విసిరిన బంతి. రాకేశ్ శర్మ ఎక్కిన సోయుజ్ టి-11 భూమి చుట్టూ విసిరిన బంతి. 1961 మే 5న అలన్ షెపర్డ్ చేసింది కూడా శిరీష గారి తరహా ప్రయాణమే. 15 నిమిషాల్లో పైకి పోయి సముద్రంలో దిగాడు. ఆయనను ఎవరూ వ్యోమగామి కాదనలేదు కాబట్టి పటమట అబ్బాయి అభ్యంతరానికి ఇది నా జవాబు.

ఇక ఆ నలభై రెట్ల శక్తి కోసం రాకెట్ ఎంత పెద్దదవుతుందో చెబుతాను. దీనికి సూత్రం కట్టినవాడు టీచరు గారి వృత్తివాడే. రష్యాలో కలూగా అనే ఊరిలో కాన్‌స్తాంతిన్ త్సియోల్కోవ్‌స్కీ అనే బడిపంతులు ఉండేవాడు. చిన్నతనంలో జబ్బు చేసి వినికిడి పోయింది. పైచదువులు పుస్తకాలయంలో కూర్చుని తనంతట తానే చదువుకున్నాడు. 1903లో ఆయన అచ్చువేయించిన వ్యాసంలో ఉన్న లెక్క ఇది. రాకెట్ సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో పొగ చిమ్ముతుందనుకుందాం. అది తాను కూడా సెకనుకు 3 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే బయలుదేరేటప్పటి బరువు చివర మిగిలే బరువుకు 2.7 రెట్లు ఉండాలి. 6 కావాలంటే 7.4 రెట్లు, 9 కావాలంటే 20 రెట్లు. వేగం కూడికలా పెరుగుతుంటే బరువు గుణకారంలా పెరుగుతుంది. పై దాకా మోయాల్సిన ఇంధనాన్ని మోయడానికి కూడా ఇంధనం కావాలి, చిక్కంతా అక్కడే. అందుకే ఖాళీ అయిన తొట్లను దారిలో వదిలేస్తూ, అంచెలంచెలుగా వెళతారు. చంద్రుడి మీదికి మనుషులను పంపిన శాటర్న్-5 రాకెట్ ఎత్తు 111 మీటర్లు, బయలుదేరేటప్పుడు బరువు 2,900 టన్నుల దరిదాపు. 1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్‌లతో సముద్రంలో దిగిన గది బరువు దాదాపు 5 టన్నులు. పిల్లలచేత ఆ భాగాహారం చేయించండి, వాళ్లు మరచిపోరు.

తిరిగి రావడం గురించి రేపు రాస్తాను. నా ఉద్దేశంలో అసలు కష్టం అక్కడే ఉంది.

---

గుంటూరు_సైన్సు_టీచరు · ఏప్రిల్ 5, రాత్రి 10:05

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. త్సియోల్కోవ్‌స్కీ బడిపంతులని తెలిసినా, వినికిడి లేకుండానే అంత పని చేశారన్న సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. మా తరగతిలో వినికిడి యంత్రం పెట్టుకుని ముందు బెంచీలో కూర్చునే పిల్లవాడు ఒకడున్నాడు. ఆయన గురించి పాఠంలో తప్పకుండా చెబుతాను.

---

బాయిలర్_ఇంజనీరు · ఏప్రిల్ 6, రాత్రి 9:30

నిన్న చెప్పిన 30 మెగాజౌళ్లు ఎక్కడికీ పోవు. కక్ష్యలో తిరుగుతున్న నౌక నేలకు దిగి ఆగాలంటే ఆ శక్తినంతా వదిలించుకోవాలి. కిందికి దించడానికి కూడా రాకెట్ వాడదామంటే పైకి వెళ్లినప్పటిలాంటి ఇంకో పెద్ద రాకెట్‌ను కక్ష్యకు మోసుకుపోవాలి, అది సాధ్యం కాదు. కాబట్టి గాలికి రాసుకుని ఆగడమే దారి. ఒక కిలో బరువులోని ఆ శక్తి అంతా వేడిగా మారితే, మన ఇంటి బిందెలోని 11 కిలోల నీళ్లను పూర్తిగా ఆవిరి చేయగలదు. అంత వేడి పుడుతున్నప్పుడు లోపలి మనిషి ఎలా బతుకుతాడు?

మొదట్లో నౌక మూతి బాణంలా వాడిగా ఉంటే గాలిని చీల్చుకుని సులువుగా దిగుతుందనుకున్నారు. 1950ల ఆరంభంలో అమెరికా శాస్త్రవేత్త హార్వీ అలెన్ దానికి సరిగ్గా తిరగేసి చెప్పాడు. కాలువలోకి చేతులు చాచి తలకిందుగా దూకితే నీరు చీలుతుంది, బోర్లా పడితే నీరు ఎదురు తిరిగి చెదిరిపోతుంది. అలాగే మొద్దు మొహం ఉన్న నౌక తన ముందున్న గాలిని మెత్తలా నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడుకు గాలి మండిపోయి వేడిలో అధికభాగాన్ని తనతో పక్కకు తీసుకుపోతుంది, నౌకను తాకేది కొద్ది భాగమే. ఆ కొద్ది భాగానికే పై తొడుగు 1,600 డిగ్రీల వరకు కాగుతుంది. దాని కోసం కరిగి, కాలి, పొరలు పొరలుగా రాలిపోయే పదార్థంతో కవచం చేస్తారు. రాలే ప్రతి పొరా కొంత వేడిని తీసుకుపోతుంది. మేము కొలిమి గోడలకు వేసే నిప్పు ఇటుక వేడిని ఓర్చుకుని నిలవాలి, ఈ కవచం మాత్రం తాను పోతూ లోపలివారిని కాపాడాలి. వృత్తిరీత్యా నాకు ఈ తేడా ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

రోదసి చరిత్రను చాలామంది ఎవరు ముందు ఎగిరారన్న పోటీగా చెబుతారు. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్, 1961లో గగారిన్, 1963 జూన్ 16న నేత మిల్లులో పనిచేసి వచ్చిన వలెంతీనా తెరిష్కోవా, 1969లో చంద్రుడు అంటూ మెట్లు లెక్కపెడతారు. దిగి రావడం ఎలా నేర్చుకున్నారన్న వైపు నుంచి చూస్తే అదే చరిత్ర ఇంకొక విధంగా కనిపిస్తుంది. గగారిన్ ప్రయాణం మొత్తం 108 నిమిషాలు. అతను దిగేటప్పుడు నౌక వెనుక భాగం పూర్తిగా విడిపోకుండా తీగల కట్టతో వేలాడడం వల్ల నౌక గిరగిరా తిరిగింది, ఆ తీగలు వేడికి కాలి తెగాకే కుదుటపడింది. చివరి 7 కిలోమీటర్ల ఎత్తులో అతను బయటికి ఎగిరి సొంత పారాచూట్‌తో దిగాడు. మనిషితో సహా నౌక మెల్లగా నేల దిగే ఏర్పాటు అప్పటికి వారి దగ్గర లేదు. ఆ సంగతిని చాలా ఏళ్లు బయటపెట్టలేదు.

---

గుంటూరు_సైన్సు_టీచరు · ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1:45

ఇంజనీరు గారి మాటలు చదివాక ఒక సందిగ్ధంలో పడ్డాను. దిగి రావడం గురించి చెప్పాలంటే దిగి రాలేకపోయిన వారి గురించీ చెప్పాలి. పదమూడేళ్ల పిల్లలకు ఆ మరణాల గురించి ఎంతవరకు చెప్పవచ్చు? లైకా అనే కుక్క గురించి కిందటేడు చెప్పినప్పుడు, అది వారం రోజులు హాయిగా ఉండి నిద్రలో చనిపోయిందని నేను చిన్నప్పుడు విన్నదే చెప్పాను.

---

తెనాలి_పెద్దాయన · ఏప్రిల్ 7, సాయంత్రం 5:20

అమ్మా, మేమూ అదే విన్నాం. 1957 నవంబరు 3న వెళ్లిన లైకా, నౌకలో వేడి పెరిగిపోయి కొన్ని గంటల్లోనే ప్రాణం విడిచిందని 2002లో వెల్లడైంది. ఆ నౌకకు తిరిగి వచ్చే ఏర్పాటే లేదు. పిల్లలకు నిజం చెప్పడమే మంచిది. వాళ్లు బాధపడతారు, బాధపడాల్సిన సంగతే అది. మీరు కిందటేడు చెప్పింది తప్పని వారి ముందు ఒప్పుకోవడం కూడా మంచి పాఠమే.

---

ఎముకల_వైద్యురాలు · ఏప్రిల్ 7, రాత్రి 9:15

నేనూ పెద్దాయన గారితో ఏకీభవిస్తాను. అయితే ఎలా చనిపోయారన్న దగ్గర ఆపకుండా, దాని తరువాత ఏమి మార్చారన్నది కలిపి చెప్పాలి. 1971 జూన్ 30న సోయుజ్ 11లో ముగ్గురు వ్యోమగాములు అంతరిక్ష కేంద్రంలో మూడు వారాలు ఉండి తిరిగి వస్తున్నారు. నౌక భాగాలు విడిపోయే క్షణంలో ఒక కవాటం తెరుచుకుని గదిలోని గాలి నిమిషాల్లో బయటికి పోయింది. నౌక తనంతట తాను పద్ధతిగా దిగింది. తలుపు తీసినవారికి ముగ్గురూ సీట్లలోనే విగతజీవులై కనిపించారు. ముగ్గురు పట్టడం కోసం ఒత్తిడి దుస్తులు లేకుండా పంపారు. ఆ తరువాత దుస్తులు లేనిదే ఎవరినీ కూర్చోబెట్టలేదు, అందుకు చోటు చాలక చాలా ఏళ్లు ఇద్దరినే పంపారు. రాకేశ్ శర్మ గారు వెళ్లినప్పుడు తొడుక్కున్న దుస్తుల వెనుక ఆ ముగ్గురి ప్రాణాలు ఉన్నాయి.

కల్పనా చావ్లా గారి సంగతి పిల్లలు ఎలాగూ అడుగుతారు. 2003 జనవరి 16న కొలంబియా లేచిన 82 సెకన్లకు, ఇంధన తొట్టి మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. పదహారు రోజులూ అంతా సవ్యంగానే గడిచింది. ఫిబ్రవరి 1న దిగేటప్పుడు, ఇంజనీరు గారు చెప్పిన ఆ కాగిన గాలి రెక్కకు పడిన రంధ్రంలోంచి లోపలికి దూరింది. ఏడుగురు పోయారు. నేల చేరడానికి ఇంకా పదహారు నిమిషాలే ఉంది.

నా వృత్తికి సంబంధించిన విషయం కూడా ఒకటి చెబుతాను. సజీవంగా దిగినవారి దేహం కూడా వెంటనే నేలకు అలవాటు పడదు. భారం మోసే పని లేకపోతే ఎముక తనను తాను పెంచుకోవడం మానేస్తుంది. తుంటి ఎముకలో నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం వరకు తరుగు ఉంటుంది. నా దగ్గరికి వచ్చే వృద్ధ స్త్రీలలో ఏడాదంతా కలిపితే తరిగేంత ఎముక అక్కడ నెలలోనే పోవచ్చు. అందుకే అక్కడివారు రోజుకు దాదాపు రెండు గంటలు పట్టీలతో తమను కట్టేసుకుని పరుగెత్తుతారు, లాగుడు యంత్రాల మీద కసరత్తు చేస్తారు. కాళ్లలో ఉండాల్సిన ద్రవం పైకి చేరి ముఖం ఉబ్బుతుంది. ఇంకొక చిత్రం ఏమిటంటే, భారం లేని చోట వేడి గాలి పైకి లేవదు. నిద్రపోతున్నవాడు వదిలిన ఊపిరి అతని ముక్కు దగ్గరే గుమికూడి తలనొప్పి తెస్తుంది కాబట్టి ఫ్యాన్లు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉండాలి. వలేరీ పొల్యకోవ్ 1994-95లో 437 రోజులు ఏకధాటిగా ఉండి వచ్చాడు. సునీతా విలియమ్స్ గారు 286 రోజుల తరువాత 2025 మార్చిలో దిగినప్పుడు స్ట్రెచర్ మీద తీసుకెళ్లడం చూసి నా రోగులు చాలామంది కంగారుపడి నన్ను అడిగారు. అది జబ్బు కాదు, దేహానికి బరువును మళ్లీ నేర్పడం.

---

పటమట_విద్యార్థి · ఏప్రిల్ 8, ఉదయం 6:40

నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఇంజనీరు గారి శక్తి లెక్కను నేనూ కాగితం మీద వేసి చూశాను, సరిపోయింది.

తిరిగి రావడం గురించి మాట వచ్చింది కాబట్టి నేను కళ్లారా చూసింది చెబుతాను. 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో గగనయాన్ కోసం చేసిన పరీక్షను చూడడానికి మా నాన్నగారూ నేనూ రాత్రి రైలెక్కి సూళ్లూరుపేటలో దిగాం. అది కక్ష్యలోకి పోయే ప్రయోగం కాదు. రాకెట్ దారిలో చెడిపోతే వ్యోమగాముల గదిని దాని నుంచి లాగి దూరంగా విసిరి కాపాడగలమా అన్న పరీక్ష. ఉదయం 8 గంటలకు మొదలు కావాల్సింది కొంత ఆలస్యమైంది. గ్యాలరీలో అందరం కలిసి అంకెలు వెనక్కి లెక్కపెడుతుండగా, సరిగ్గా 5 సెకన్లు ఉందనగా కంప్యూటరు ప్రయోగాన్ని ఆపేసింది. ఇంజను మండడంలో తేడా కనిపెట్టిందట. ఒక్కసారిగా నిశ్శబ్దం ఆవరించింది. నా పక్కన భుజం మీద పాపను ఎత్తుకున్న ఒకాయన పాపను దించకుండా అలాగే నిలబడిపోయారు. కారణం తెలుసుకుని సరిచేసి 10 గంటలకు మళ్లీ వెలిగించారు. ముందు మంట కనిపించింది, చెట్ల పైకి లేచింది, ఆ తరువాతే గర్జన మా గుండెలను తాకింది. పైకి వెళ్లాక గది విడిపోయి, పారాచూట్లు విచ్చుకుని, బంగాళాఖాతంలో తీరానికి దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో దిగింది. దిగడం తలకిందులుగా దిగిందని, నౌకాదళం వారు దాన్ని ఒడ్డుకు చేర్చారని తరువాత తెలిసింది.

ఆ రోజు మా నాన్నగారు తిరుగు ప్రయాణంలో ఒక మాట అన్నారు. రాకెట్ ఆగిపోయిందంటే ఓడిపోయిందని కాదు, లోపల మనిషి ఉన్నా సరే ఆపగలమని నిరూపించింది అన్నారు. ఇస్రో 2007 జనవరిలోనే ఒక చిన్న గదిని 12 రోజులు కక్ష్యలో తిప్పి దింపింది, 2014 డిసెంబరులో పెద్ద గది నమూనాను వేడిలోంచి దింపి చూసింది. 2025 జూన్ 25న బయలుదేరిన శుభాంశు శుక్లా అంతర్జాతీయ కేంద్రంలో ఉండి జులై 15న దిగారు, అది అమెరికా నౌక. మన నౌకలో మనవారు వెళ్లే రోజు కోసం ఈ పరీక్షలన్నీ.

---

బెజవాడ_ఆకాశదర్శి · ఏప్రిల్ 8, రాత్రి 8:10

టీచరు గారూ, మీ తరగతికి ఒక చిన్న ప్రయోగం సూచిస్తాను. ఖాళీ నీళ్ల సీసా అడుగున మేకుతో రెండు రంధ్రాలు చేసి నీళ్లు నింపండి. చేతిలో పట్టుకుంటే నీళ్లు చిమ్ముతాయి. మేడ మీది నుంచి వదిలిపెట్టండి, పడుతున్నంతసేపు రంధ్రాల నుంచి ఒక్క చుక్క కూడా రాదు. సీసా, నీళ్లు ఒకే తీరున పడుతున్నాయి కాబట్టి నీళ్లు అడుగును అదమవు. కింద ఎవరూ లేకుండా చూసుకోండి.

---

గుంటూరు_సైన్సు_టీచరు · ఏప్రిల్ 10, మధ్యాహ్నం 3:30

ఈ రోజు పీరియడు పూర్తయింది. పాఠం అంతా చెప్పను, సీసా సంగతి మాత్రం చెబుతాను.

మొదటి అంతస్తు వరండాలో నిలబడి, పిల్లలను కింద వేపచెట్టు దగ్గర దూరంగా నిలబెట్టి సీసాను వదిలాను. మొదటిసారి ఎవరికీ సరిగా కనబడలేదు. రెండోసారి నీళ్లలో కాస్త సిరా కలిపాను. పట్టుకుని ఉన్నంతసేపు రెండు నీలి ధారలు, వదలగానే ధారలు తెగిపోయాయి, సీసా నేలకు తగిలి పగిలింది. పిల్లలు మళ్లీ మళ్లీ అడిగి ఆరు సీసాలు పగలగొట్టించారు.

చంద్రుడి గురించి అడిగిన అమ్మాయే అప్పుడు ఇంకొక ప్రశ్న వేసింది. కిందికి వదిలినప్పుడు కాకుండా పైకి విసిరితే, పైకి పోతున్నప్పుడు నీళ్లు వస్తాయా రావా అని. చాలామంది వస్తాయన్నారు. నిజం చెప్పాలంటే నేనూ ఒక్క క్షణం తడబడ్డాను. విసిరి చూశాం. చేతిని వదిలిన క్షణం నుంచే ధారలు ఆగాయి, పైకి పోతున్నప్పుడూ రాలేదు, కిందికి వస్తున్నప్పుడూ రాలేదు. చేయి నెట్టడం ఆపగానే పతనం మొదలైనట్టేనని, అది పైకి పోతున్నా పడుతున్నట్టే లెక్కని అక్కడే అందరికీ ఒకేసారి తెలిసింది. శిరీష గారు రాకెట్ ఇంజను ఆగగానే, ఇంకా పైకి పోతుండగానే ఎందుకు తేలారో మొదటి ప్రశ్న వేసిన అబ్బాయి తనే లేచి చెప్పాడు.

తరువాత అదే అమ్మాయి, సీసాను కింద పడకుండా చుట్టూ తిరిగి రమ్మని విసిరితే 92 నిమిషాలకు మళ్లీ మన బడి మీదికి వస్తుందా అని అడిగింది. ఆ 92 నిమిషాల్లో భూమి కూడా తిరుగుతుంది కదా అని వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లవాడు అందుకున్నాడు. ఇద్దరూ కలిసి బోర్డు మీద లెక్క వేశారు. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరిగితే 92 నిమిషాల్లో 23 డిగ్రీలు. గుంటూరుకు అన్ని డిగ్రీల పడమరకు అట్లాసులో వేలు పెట్టి వెతికితే ఒమన్ తీరానికి ఇవతల అరేబియా సముద్రంలో తేలింది. గంట కొట్టినా ఇద్దరూ బోర్డు దగ్గరే ఉన్నారు, అలాగైతే మళ్లీ సరిగ్గా గుంటూరు మీదికి రావడానికి ఎన్ని చుట్లు పడతాయని లెక్క వేసుకుంటూ. ఆ జవాబు రేపు తెస్తామన్నారు.